రాగి రొయ్య

జయరామయ్య ఎర్తు పైపును భుజాన వేసుకొని మెట్లెక్కి వచ్చి, దాన్ని వినీల బల్ల మీద అడ్డంగా పడేశాడు. పైపుకు తడిమట్టి, బొగ్గు నలుసులు అంటుకొని ఉన్నాయి. కీబోర్డు సందుల్లోకి కల్లుప్పు రాలింది.

“ఇదో, మీవోడు పాతిన ఎర్తు. దీన్ని నమ్మి నేను పొణుకున్నా. తెల్లారి లేసి చూస్తే రెండో గుంటలో రొయ్యలన్నీ తేలి, కట్టెంబడి తెల్లగా పేరుకోనుండాయి. మీ పెట్టెలో పచ్చలైటు మాత్రం పెళ్ళింట్లో మాదిరి ఎలగతా ఉండాది!”

ముత్తుకూరులో మోటార్లు చుట్టే షాపు మీద పొడుగాటి గది ఒకటుంది. కంపెనీ అంటే అదే. యజమాని పెంచలప్రసాద్, బోర్డులు గీసే వినీల, టంకం పెట్టే ఇద్దరమ్మాయిలు, అంతే జనం. రొయ్యల గుంటల్లో నీళ్ళను చిలికి గాలి కలిపే ఏరియేటర్లు ఆగిపోతే రైతుకు ఫోన్ చేసే పెట్టెను అక్కడ తయారు చేస్తారు. పంట ఎదిగిన గుంటలో ఏరియేటర్లు రెండు గంటలు ఆగితే చాలు, రొయ్యలకు ఊపిరాడదు. ఆ పెట్టెకున్న పనల్లా సమయానికి రైతును లేపడం. మొన్న తెల్లవారుజామున అది ఆ ఒక్క పనీ చేయలేదు.

పెంచలప్రసాద్ జయరామయ్యను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. పైపును అటూ ఇటూ దొర్లించి చూసి, తల పంకించాడు.

“ఎర్తు నిలబళ్ళేదన్నా. ఉప్పు నేల గదా, బొగ్గు సరిగ్గా కూరకపోతే ఇట్టనే అవతాది. మా బోర్డులో ఏం లేదు. కావాలంటే వినీలనడుగు.”

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు. “బోర్డులో ఏమీ లేదు సార్,” అంది వినీల. అబద్ధమాడుతున్నానని ఆమె అనుకోలేదు. ఆ బోర్డంటే ఆమెకు కన్నబిడ్డంత ప్రేమ. గీత పూర్తయ్యాక సాఫ్ట్‌వేర్ చేత మూడుసార్లు పరీక్ష చేయించింది. మూడుసార్లూ తప్పులు సున్నా అని వచ్చింది. ఆ సున్నాను చూసుకొని మురిసిపోయి, ఆ సాయంత్రం అందరికీ పులిబొంగరాలు తెప్పించింది కూడా.

హెబ్రోనును పిలిపించారు. గుంటల దగ్గర ఈ పెట్టెలు బిగించేదీ, ఎర్తులు పాతేదీ అతనే. నలభై దాటిన మనిషి. చొక్కా జేబులో టెస్టరు, గోళ్ళ సందుల్లో ఎంత కడిగినా పోని బొగ్గు. గుమ్మం దగ్గర నిలబడి బల్ల మీది పైపును చూశాడు. రెండడుగులు లోపలికి వేసి, దానికంటిన మట్టిని బొటనవేలితో నలిపాడు.

“తడి ఆరలేదు సార్. ఎర్తు బాగుండాది.”

“బాగుంటే నా రొయ్యలు ఎట్టా సచ్చినాయిరా?” అన్నాడు జయరామయ్య.

హెబ్రోను పెంచలప్రసాద్ వైపు చూశాడు. పెంచలప్రసాద్ ఫోనులో ఏదో వెతుక్కుంటున్నాడు. అప్పుడతను వినీల వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. మీరైనా చెప్పండి అన్నట్టుంది. ఏం చెప్పమంటున్నాడో ఆమెకు అంతుబట్టలేదు. తల వంచుకొని కీబోర్డు మీది ఉప్పు దులుపుకుంటూ కూర్చుంది.

“ఇంక నా కట్ట మీద కాలు పెట్టబాక,” అన్నాడు జయరామయ్య లేస్తూ. “నా కట్టే కాదు, మా సంఘంలో ఎవురి గుంట కాడికీ పోబాక. అందరికీ చెప్పేసినా.”

హెబ్రోను జేబులోని టెస్టరును ఒకసారి తడుముకొని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం దాకా వినీలకు పని సాగలేదు. అన్నం తిని వచ్చి, అలమరలోంచి కొత్త బోర్డు ఒకటి తీసింది. హెబ్రోను కోసమేమీ కాదు. తన బోర్డు మంచిదని ఇంకోసారి చూసుకొని మనసు కుదుటపరచుకుందామని.

ఆ బోర్డు అడుగంతా ఒక రాగిరేకు పరిచి ఉంటుంది. దాన్నే గ్రౌండ్ అంటారు. పైన అక్కడక్కడా ఉండే రాగి ముక్కలను సన్నటి తూట్ల గుండా ఆ రేకుకు కలుపుతారు. అలా కలిసి ఉంటే, మోటార్ల నుంచి చొరబడే దొంగ కరెంటు రేకులోకి దిగి, అక్కడినుంచి ఎర్తు పైపు గుండా నేలలోకి పోతుంది. కలిసిందీ లేనిదీ చూడడం ఎంతో తేలిక. మీటరు ముల్లు ఒకటి గ్రౌండ్ మీద, ఇంకొకటి రాగి ముక్క మీద ఆనిస్తే కుయ్‌మని మోగుతుంది.

వినీల ఒక్కో ముక్కనూ తాకిస్తూ పోయింది. అన్నీ మోగాయి. ఇక మూలనున్న రాగి రొయ్య మిగిలింది.

ఆ రొయ్య పెంచలప్రసాద్ ముచ్చట. “మూత తియ్యంగానే మన గుర్తు రాగితో మెరవాల,” అని పట్టుబట్టాడు. వినీల రొయ్య బొమ్మ ఒకటి తెచ్చి, దాన్ని రాగి ఆకారంగా మార్చి, తోక, కాళ్ళు, డొప్ప మీది గీతలతో సహా రెండు రోజులు కూర్చొని దిద్దింది. బొటనవేలంత రొయ్య. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. ఆమె మొక్కుబడిగా దాని మీద ముల్లు ఆనించింది.

మీటరు మోగలేదు.

గట్టిగా నొక్కింది. ముల్లు తుడిచి తోక మీద పెట్టింది, తల మీద పెట్టింది. ఉహూఁ. ఇంకో బోర్డు తీసింది. అదీ అంతే.

వెంటనే కంప్యూటర్లో బోర్డు తెరిచి రొయ్య మీద నొక్కింది. ప్రతి రాగి ముక్కకూ అది దేనితో కలవాలో ఆ పేరు పక్కన కనిపిస్తుంది. రొయ్య పక్కన ఆ గడి ఖాళీగా ఉంది. బొమ్మగా తెచ్చి అతికించిన రాగి అది. ఎవరితో కలవాలో తను చెప్పలేదు. చెప్పనిదాన్ని సాఫ్ట్‌వేర్ అడగదు. ఎవరితోనూ కలవాలని రాసి లేని ముక్క ఒంటరిగా ఉంటే, దాని లెక్కలో అది తప్పే కాదు. అందుకే సున్నా వచ్చింది.

ఏరియేటర్లు ఆగాయన్న కబురు మోసుకొచ్చే సన్నటి గీత సరిగ్గా ఆ రొయ్య పొట్ట పక్కనుంచే పోతుంది. రొయ్యలో చేరి, దిగే దారి లేని దొంగ కరెంటు ఆ గీతలోకే దూకుతుంది.

ఆమె బోర్డు పట్టుకొని కింది షాపుకు పోయింది. చుట్టి పెట్టిన పెద్ద మోటారు పక్కన దాన్ని ఉంచి, మోటారు వేసి ఆపమంది. వేశారు, ఆపారు. ఏడోసారికి బోర్డు బిగుసుకుపోయింది. కబురందే వైరు పీకేసినా ఫోను మోగలేదు. పచ్చలైటు మాత్రం నిశ్చింతగా వెలుగుతూనే ఉంది. వినీల వేడి టంకంకడ్డీ తెచ్చి, వెంట్రుకంత వైరు ముక్కను రొయ్య తోక నుంచి గ్రౌండ్‌కు అతికించింది. మీటరు కుయ్‌మంది. ఈసారి ముప్పైసార్లు మోటారు వేసి ఆపినా బోర్డు చెక్కుచెదరలేదు.

“ఏందక్కా, మోటారుతో ఆట్లాడుకుంటా ఉండావా?” అన్నాడు షాపు యజమాని.

వినీల బోర్డు తీసుకొని పైకి వచ్చేసింది.

మర్నాడు పొద్దున పెంచలప్రసాద్ రాగానే బోర్డు చూపించి అంతా చెప్పింది. ఆయన ఆ వైరు ముక్కను గోటితో కదిపి చూశాడు.

“ఇంకెవురికన్నా చెప్పినావా?”

“లేదు సార్.”

“చెప్పబాక. ముప్పై ఎనిమిది పెట్టెలు బయటుండాయి. బోర్డులో తప్పుందని ఒక్కమాట పొక్కితే సాయంత్రానికి ముప్పై ఎనిమిదీ ఈ మెట్ల మీదుంటాయి. షట్టరు దించేసుకొని పోవాల్సిందే. నేను, నువ్వు, ఆ ఆడపిల్లోళ్ళు, అందరం.”

“మరి హెబ్రోను?”

“వాడికేం, చేతిలో పనుండాది. ఫ్యాన్లు బాగుచేసుకొని అయినా బతకతాడు. నువ్వు సర్వీసని చెప్పి గుంటల కాడికి పో. గమ్మున ఒక్కో వైరు అతికించేసి రా. కొత్త బోర్డుల్లో సరిచేసేద్దాం.”

పెంచలప్రసాద్ దుర్మార్గుడైతే వినీలకు సులువుగా ఉండేది. తనకు నెల్లూరులో ఎక్కడా పని దొరకనప్పుడు, చిట్టమూరు పక్క పల్లె నుంచి వచ్చిన వరి రైతు కూతుర్ని నమ్మి మొత్తం బోర్డు చేతిలో పెట్టిన మనిషి ఆయన. ఆమె తలూపింది. ఊపిన మరుక్షణం తన మీద తనకే రోత పుట్టింది.

ఆ మర్నాడు టంకం సామాను సంచిలో వేసుకొని స్కూటీ మీద బయలుదేరింది. రొయ్యల గుంట కట్ట ఎక్కాలంటే గేటు దగ్గర సిమెంటు తొట్టిలోని మందునీళ్ళలో కాళ్ళు ముంచాలి. బయటి తెగులు లోపలికి రాకూడదని. వినీల ఎర్రటి నీళ్ళలో కాళ్ళు ముంచి, కట్టెక్కి, మొదటి పెట్టె మూత విప్పింది.

రొయ్య తోక దగ్గర వైరు ముక్క ఒకటి అప్పటికే ఉంది.

తనే ఎప్పుడో వేసి మరచిపోయానేమోనని ఒక్క క్షణం తికమకపడింది. కాదు. ఈ టంకం తనకన్నా నున్నగా ఉంది, చుక్క ఎక్కువా లేదు, తక్కువా లేదు. మూత లోపలి వైపు పెన్సిలుతో రాసి ఉంది. ‘రొయ్యకు ఎర్తు ఇచ్చాను. 14-7.’

రెండో గుంట దగ్గరా అంతే. మూడో దగ్గర 16-7. మధ్యాహ్నానికి ఎనిమిది పెట్టెలు విప్పింది. ఎనిమిదింటిలోనూ ఆ వైరు, ఆ పెన్సిలు రాత. సంచిలోని కడ్డీని ఒక్కసారి కూడా వేడి చేసే పని పడలేదు.

ఎనిమిదో గుంటను ఆనుకొని ఉన్నది జయరామయ్యది. అక్కడ మేత చల్లే చెంచమ్మ మోకాటిలోతు నీళ్ళలో నిలబడి, మేతపళ్ళెం ఎత్తి చూస్తూ ఉంది. వినీల అడిగితే కట్ట దగ్గరికి వచ్చింది.

“హెబ్రోనన్న ఆషాడంలో వొచ్చి అందరికీ ఏసిపోయినాడు. ఆ బొమ్మకి టెస్టరు తగిల్తే చాలు, పెట్టె బిగుసుకుపోతా ఉండాదన్నాడు.”

“మరి మీ జయరామయ్య గారి పెట్టెకు వేయలేదా?”

“ఆయన రానిస్తే గదా! కంపెనీ వస్తువులో నువ్వు యేలు పెట్టబాకని తాళమేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్యాడు.”

వినీల అటునుంచి అటే హెబ్రోను ఇంటికి పోయింది. ముంగిట్లో టేబుల్ ఫ్యాను విప్పుకొని కూర్చుని ఉన్నాడు. భార్య మగ్దలీనమ్మ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి కొంగుతో తుడిచి వేసింది. వినీల కూర్చోలేదు.

“అన్నీ తెలిసి కూడా మొన్న ఎందుకు చెప్పలేదన్నా?”

అన్నా అన్న మాటకు అతను తలెత్తి చూశాడు. ఇంతకుముందెప్పుడూ ఆమె అతన్ని అలా పిలవలేదు.

“జూలై మొదట్లోనే చెప్పినా మేడం. ఫోటో తీసి, రొయ్య చుట్టూ ఎర్రగీత గీసి సారుకి పంపినా. సారు మిమ్మల్ని అడిగి జవాబు పంపినాడు గదా.”

“నన్నా? నన్నెప్పుడు అడిగారు?”

హెబ్రోను ఇబ్బందిగా ఫ్యాను రెక్క తుడవసాగాడు. “పోనీలేండి, అయిపోయిందిప్పుడు,” అన్నాడు. మగ్దలీనమ్మ ఊరుకోలేదు. లోపలికి పోయి ఫోను తెచ్చి, వెతికి, నొక్కింది.

“ఇను తల్లీ.”

ఫోనులోంచి వినీల గొంతే వచ్చింది. వెనకాల టంకం పెట్టే అమ్మాయిల నవ్వులు, గిన్నెల చప్పుడు. “ఫోటో చూడక్కర్లేదు సార్. నా బోర్డులో తప్పులు సున్నా. ముందు ఆయన్ని తన ఎర్తు సరిగ్గా పాతుకోమనండి.”

అన్నం తింటూ అన్న మాట. పెంచలప్రసాద్ ఫోను ముందుకు చాపితే, ముద్ద కలుపుకుంటూ, కళ్ళెత్తి చూడకుండా అన్న మాట. ఆ పూట కూర ఏమిటో కూడా ఇప్పుడామెకు గుర్తొచ్చింది. ఎర్తు మీదికి నింద తోసింది పెంచలప్రసాదూ కాదు, జయరామయ్యా కాదు. మొదట ఆ మాట పుట్టింది తన నోట్లోనే.

“మేడం చెప్పింది గదా అని ఎర్తులన్నీ మళ్ళీ తవ్వి చూసుకున్యాడమ్మా,” అంది మగ్దలీనమ్మ. “వారం పొడుగూతా వానలో తవ్వినాడు. అన్నీ బాగుండాయని తెలిసినాకనే ఆ వైర్లేసినాడు.”

వినీలకు ఏడుపు తన్నుకొచ్చింది. వాళ్ళ ముందు ఏడ్చే ముఖం కూడా తనకు లేదనిపించి మింగేసుకుంది. “రేపు జయరామయ్య గారికి నేనే చెప్తా. తప్పు నాదని చెప్తా. మీరూ రండన్నా,” అంది.

హెబ్రోను ఆ మాట విన్నాడో లేదో తెలియలేదు. “మేడం, ఆ పైపు యాడుండాది?” అని అడిగాడు.

“నా బల్ల కిందే.”

“అయితే ఆయన గుంటకి ఎర్తు లేదు.” అతను రెక్క కింద పెట్టి లేచాడు. “మోటార్లు తిరగతానే ఉండాయి. ఏ వైరన్నా తెగి నీళ్ళల్లో పడితే కరెంటు పోయే దారి లేదు. చెంచమ్మోళ్ళు దిగేది ఆ నీళ్ళల్లోనే గదా. ముందు ఆ పైపు పట్టకరండి.”

పొద్దున్నే అతను ఉప్పు సంచి, బొగ్గు సంచి బండికి కట్టుకొని వచ్చాడు. వినీల పైపు తెచ్చింది. గేటు దగ్గర జయరామయ్య చేయి అడ్డం పెట్టాడు. హెబ్రోను మందునీళ్ళ తొట్టికి అవతలే ఆగిపోయాడు. వినీల ఒక్కతే కాళ్ళు ముంచి లోపలికి పోయింది.

ఆమె అంతా చెప్పింది. రొయ్య బొమ్మ, ఖాళీ గడి, ఫోటో, తన జవాబు, ఏదీ దాచలేదు. జయరామయ్య నిదానంగా విన్నాడు. విని, చిన్నపిల్లను చూసినట్టు నవ్వాడు.

“నీ మనసు మంచిది తల్లీ. పేదోడని జాలిపడి వాడి తప్పు నీ నెత్తినేసుకుంటా ఉండావు. కంప్యూటర్లో గీసింది తప్పెట్టా అవతాది? కంప్యూటరు చూసుకోదూ?”

“చూసుకోలేదు సార్. నమ్మండి. ఆయన వైరు వేసిన ఎనిమిది పెట్టెలు నేనే విప్పి చూశా, ఒక్కటీ ఆగలేదు.”

“ఎనిమిది పెట్టెల్లో యేలు పెట్టినాడా?” జయరామయ్య ముఖం ఎర్రబడింది. “ఎవురినడిగి పెట్టినాడు? చూసినావా, నేను తాళమేసుకుంది అందుకే!”

వినీలకు, నిజం ఇంకొంచెం చెబితే అది హెబ్రోనును ఇంకొంచెం ముంచుతుందేమోనని భయం వేసింది. సంఘమంతా చాటిన మాటను ఆ పెద్దమనిషి వెనక్కి తీసుకోడు. ఆమె చెప్పే ప్రతి ముక్కనూ ఆ మాటకే అతికించుకుంటాడు.

ఆయన మొలతాడు తాళంచెవితో పెట్టె తెరిచాడు. వినీల రొయ్య తోకకు వైరు అతికించి, ముల్లు ఆనించింది. మీటరు కుయ్‌మంది. జయరామయ్య తృప్తిగా తలాడించాడు.

“ఎర్తు కూడా పాతాల సార్. హెబ్రోనన్నను రానీండి. పావుగంట పని.”

“వాడు రాకూడదు. ఎల్లుండి బోగోలు నుంచి ఇంకో మనిషిని పిలిపిస్తా ఉండా.”

“అందాకా మోటార్లు ఆపుతారా?”

“ఆపితే మిగిలిన గుంట పోదూ?”

చెంచమ్మ చీర ఎగ్గట్టుకొని మేతపళ్ళెంతో నీళ్ళలోకి దిగుతూ ఉంది. వినీల ఆమెను గట్టిగా కేకేసి ఆపి, గేటు దగ్గరి సంచులూ పైపూ లోపలికి మోసుకొచ్చి, షెడ్డులోంచి గడ్డపార తెచ్చుకుంది.

పాత గుంత పూడిపోయి ఉంది. తవ్వుతుంటే అరచేతులు బొబ్బలెక్కాయి. తొట్టి అవతలినుంచి హెబ్రోను నోటికి చేతులు అడ్డం పెట్టుకొని చెబుతున్నాడు. “జానెడు బొగ్గు మేడం. దాని మీద ఉప్పు. మళ్ళీ బొగ్గు. నీళ్ళు పొయ్యండి. ఇంకా. కాలితో తొక్కండి, గట్టిగా!” ఆమె తొక్కింది. ఉప్పు బొబ్బల్లోకి దిగి భగ్గుమంది. పైపుకు వైరు బిగించేసరికి మోచేతుల దాకా నల్లగా అయిపోయింది. మీటరు పెట్టి చూస్తే ఎర్తు నిక్షేపంలా ఉంది.

జయరామయ్య నీడలో నిలబడి ఎవరితోనో ఫోనులో మాట్లాడుతున్నాడు. “ఆ, అవునన్నా. కంపెనీ మేడమే వొచ్చి ఎర్తు మళ్ళీ పాతింది. తన చేత్తో పాతిందంటే తప్పు యాడుండాదో నువ్వే చూసుకో. మీ గుంట కాడ కూడా పీకించి మళ్ళా పాతించుకోండి. వాణ్ణి మాత్రం కట్టెక్కనీబాకండి.”

“పైపు అదే సార్!” వినీల అరిచింది. “ఆయన పైపే అది! ఉప్పూ బొగ్గూ కూడా ఆయన తెచ్చినవే!”

జయరామయ్య ఫోనుకు అరచెయ్యి అడ్డం పెట్టి, “చేతులు కడుక్కో తల్లీ, చెంచమ్మ నీళ్ళిస్తాది,” అన్నాడు ఎంతో ఆప్యాయంగా.

ఆమె చేతులు కడుక్కోకుండానే ఖాళీ సంచులు గేటు దగ్గరికి తెచ్చిచ్చింది. హెబ్రోను వాటిని మడిచి బండికి కట్టుకుంటున్నాడు.

“మోగిందా మేడం?”

“మోగింది. ఆయన నమ్మలేదన్నా.”

“ఇనపడింది,” అన్నాడు హెబ్రోను. ముడి బిగించి, కట్ట వైపు ఒకసారి చూశాడు. “రోజూ ఒక బిందె నీళ్ళు ఆ ఎర్తులో పొయ్యాల. ఆరితే పనిచెయ్యదు. చెంచమ్మకు చెప్పినారా?”

చెప్పలేదు. వినీల వెనక్కి తిరిగి, ఎర్రనీళ్ళ తొట్టిలో మళ్ళీ కాళ్ళు ముంచింది.